డాక్టరు అన్నా సారా కుగ్లరుగారు

గుంటూరులో కుగ్లరు ఆసుపత్రి పేరు విననివారరుదు. ఆ పేరుగల దొరసాని యెవరో, ఆమె యేల యీ దేశమునకు వచ్చిరో యెఱిఁగినవారు కొలఁదిమందియే. మన కావలికి ఉత్తరముగా, రైలుదారిలో కొన్ని గంటల పయనములో నున్న పట్టణమున జరిగిన యీ చరిత్రము మన బాలబాలికలు తెలిసికొనఁదగినది.

కుగ్లరుగారు 1856వ సంవత్సరము ఏప్రిలు 19వ తేదీని అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమున జన్మించిరి. స్త్రీలు వైద్యము చదువుట వింతగా నెంచఁబడిన ఆ కాలమున, ఫిలడెల్ఫియాలోని స్త్రీల వైద్యకళాశాలయందుఁ జదివి 1879లో పట్టము పొందిరి. పిదప నారిస్‌టౌను మానసిక వైద్యశాలలోఁ బనిచేసిరి. ఇచ్చటి స్త్రీల దురవస్థను విని, తన్ను వైద్యురాలిగాఁ బంపవలసినదని లూథరన్ సంఘమువారిని కోరిరి. వారప్పటికి వైద్యసేవ నారంభింప సిద్ధముగా లేరు. స్త్రీలకు బోధించుటకు మాత్రమే నియమించిరి. ఆమె అందులకు సమ్మతించి 1883 నవంబరులో గుంటూరు చేరిరి.

ఆ దినములలో ఘోషాస్త్రీలు పురుషవైద్యునికిఁ జేయి చూపుటకైన నొప్పుకొనెడివారు కారు. గాలి వెలుతురు లేని గదిలో పురుడు, శుభ్రపఱుపని కత్తితో బొడ్డు కోయుట, పిమ్మట జ్వరము, ధనుర్వాతము, తల్లీబిడ్డల మరణము. ఇవి విధివ్రాఁతలని జనులు నమ్మిరి. కుగ్లరుగారు నియమింపఁబడిన పనిని మానకయే, తమ యింటికి వచ్చినవారికి మందులిచ్చుచు, పిలిచినవారి యిండ్లకుఁ బోవుచుండిరి. ఆమె తాఁకినందులకు స్నానము చేసినవారును గలరు. అందుల కామె కోపింపలేదు, రాక మానలేదు. రెండేండ్లకు, 1885లో, సంఘమువారు ఆమెను వైద్యురాలిగా నియమించిరి. క్రమముగా ఔషధశాల యేర్పడి, 1898లో స్త్రీలకును శిశువులకును ఆసుపత్రి తెఱవఁబడినది.

వైద్యుఁడు వచ్చి చూచి పోవును. రాత్రింబగళ్లు రోగిచెంత నుండునది నర్సు. పరుల పుండు కడుగుట, మలమూత్రము లెత్తుట నీచమని తలంచు సంఘములో అట్టివారు దొరకుట దుర్లభము. శిక్షణ పొందిన నర్సు ఫాసు దొరసానిగారు కుగ్లరుగారికిఁ దోడైరి. తెలుఁగు యువతులు ఆ యాసుపత్రిలో రోగిసేవ నభ్యసించిరి. నీచమనుకొన్న పని చదువుకొన్న స్త్రీకి గౌరవవృత్తి యగుటకు ఇట్టి స్థలములే మొదలు.

విద్యార్థినులారా, ఆ విద్య యెట్టిదో కొన్ని ప్రశ్నలతోఁ దెలిసికొనుఁడు.

చేతులెప్పుడు కడుగుకొనవలెను? ఒక్కొక్క రోగిని తాఁకుటకు ముందును, తాఁకిన పిదపను, సబ్బుతో.

నాడి నెట్లు లెక్కింపవలెను? గడియారము చూచుచు నిండు నిమిషము. నెమ్మదిగా నున్న పెద్దవారికి 60 మొదలు 100 వఱకు సహజము.

మంచము విడువలేని రోగికి వీఁపు పుండ్లు పడకుండు టెట్లు? రెండు గంటల కొకసారి ప్రక్క మార్చి, చర్మము తడి లేకుండ నుంచవలెను.

భేదులగు శిశువునకు నీరు మానిపింపవచ్చునా? కూడదు, నీరు తగ్గుటయే ప్రాణాపాయము. ఒక లీటరు శుభ్రమైన నీటిలో చదునుగా నింపిన ఆఱు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపి కొంచెము కొంచెముగాఁ ద్రాగింపవలెను. చనుఁబాలు మానిపింపరాదు. శిశువు మత్తుగా నున్నను, త్రాగలేకున్నను వెంటనే ఆసుపత్రికిఁ గొనిపోవలెను.

ఈ జవాబులలో ఖరీదైన వస్తువేదియు లేదు. శ్రద్ధయే కావలసినది.

కుగ్లరుగారి సేవకు మెచ్చి ప్రభుత్వమువారు కైసరీహింద్ పతకము నొసంగిరి. ఏలూరు జమీందారుగారు రోగుల బంధువులకై ఆసుపత్రి యెదుట సత్రము కట్టించిరి. ఒకప్పుడు స్పర్శకు జంకిన జనులే ఆమె ద్వారమున వేచియుండు దినము వచ్చినది. నలువదియాఱేండ్లకుఁ బైగా సేవచేసి, 1930 జూలై 26వ తేదీని గుంటూరులోనే కన్నుమూసిరి. ఆసుపత్రి ఆమె పేరనే పిలువఁబడుచున్నది.

కోరిన పని దొరకనప్పుడు దొరికిన పనినే చేయుచు, తనకు వచ్చిన విద్యతో పొరుగువారి కష్టము దీర్చుటయే ఆమె మార్గము. మన యింటనే జ్వరపడిన యవ్వకు వేళకు మందిచ్చి, ప్రక్క సవరించి, కిటికీ తెఱచు బాలికయు, బాలుఁడును ఆ మార్గముననే నడచుచున్నారు.