సర్ ఆర్థర్ కాటన్

రాజమహేంద్రవరమునకు దిగువ ధవళేశ్వరము కడ గోదావరి పాయలుగా చీలి సముద్రమునకు సాగిపోవును. ఆ పాయల నడుమ నేడు కనుచూపు మేర వరిచేలు, కొబ్బరితోటలు కానవచ్చును. రెండువందల యేండ్ల క్రిందట ఆ సీమ ఇట్లుండలేదు. వరద వచ్చిన యేట ఊళ్లు మునిగెడివి. వానలు తప్పిన యేట పైరులు మాడిపోయెడివి. నది చెంతనే యున్నను ప్రజలు ఆకలితో అలమటించిరి. 1832–33 నాటి కరవును, 1839లో కోరంగిని ముంచిన ఉప్పెనయు ఆ సీమను కృశింపజేసినవి. 1821కిని 1841కిని నడుమ జిల్లా జనసంఖ్య ఏడు లక్షలకు పైనుండి అయిదున్నర లక్షల చిల్లరకు తగ్గెను.

ఈ దుస్థితిని తొలగించిన మహనీయుడు ఆర్థర్ థామస్ కాటన్. ఆయన 1803 మే 15వ తేదీన ఇంగ్లండు దేశమున జన్మించెను. పదునొకండుగురు అన్నదమ్ములలో ఆయన పదవవాడు. పదునైదవ యేట సైనిక విద్యాలయమున చేరి, 1819లో మద్రాసు ఇంజనీర్ల దళమున ఉద్యోగము పొంది, 1821లో భారతదేశమునకు వచ్చెను.

తంజావూరు సీమలో పనిచేయునపుడు, చోళరాజుల కాలమున కావేరిపై కట్టిన ప్రాచీనమైన ఆనకట్ట ఆయన దృష్టి నాకర్షించెను. రాతిపునాది దొరకని ఇసుకనేలపై అంత కట్టడము శతాబ్దములుగా ఎట్లు నిలిచినదో ఆయన శ్రద్ధతో పరిశీలించెను. ఆ విద్య ఈ దేశపు పూర్వికుల నుండియే నేర్చితినని చెప్పుకొనుటకు ఆయన ఎన్నడును సంకోచింపలేదు. 1836లో కొళ్లిడము నదిపై ఆనకట్టలు కట్టించి, తాను నేర్చినదానిని నిరూపించెను.

1844లో గోదావరికి ఆనకట్ట కట్టవలెనని కాటన్ ప్రభుత్వమునకు నివేదిక సమర్పించెను. వ్యయమునకు జంకి అధికారులు తొలుత వెనుకాడిరి; కాని ఆయన పట్టు విడువలేదు. 1847లో పని ఆరంభమయ్యెను. ధవళేశ్వరపు కొండనుండి రాయి త్రవ్వి, పట్టాలపై నడచు బండ్లతో నదీతీరమునకు చేర్చిరి. ఇసుకలో బావులు దింపి వానిపై కట్టడము నిలిపిరి. వేలాది కూలీలు ఎండలో శ్రమించిరి. వీణం వీరన్న అను తెలుగు ఇంజనీరు కాటనుకు కుడిభుజమై నిలిచెను. తీవ్రమైన అనారోగ్యముచే కాటన్ 1848లో పనిని విడిచి వెళ్లవలసివచ్చెను. కెప్టెన్ ఆర్ అను ఇంజనీరు ఆ భారమును వహించెను. కొంత కోలుకొని కాటన్ 1850లో తిరిగి వచ్చెను.

1852లో ఆనకట్ట పూర్తియయ్యెను. ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు భాగములుగా అది సుమారు 12,000 అడుగుల పొడవున నదిని అడ్డుకొనెను. కాలువలు నీటినే కాక పడవలను గూడ మోసినవి. కోనసీమకు నీరందించుటకై గన్నవరము కడ వైనతేయపాయ మీదుగా కాలువను దాటించు 49 ఖానాల అక్విడక్టును నిర్మించిరి. క్రమముగా డెల్టా అన్నపూర్ణ అయ్యెను.

1861లో కాటనుకు సర్ బిరుదము లభించెను. ఇంగ్లండునకు మరలిన పిమ్మటను ఆయన ఈ దేశపు కరవులను మరువలేదు. ఇనుపదారులకంటె నీటికాలువలే పేదప్రజలకు మేలని వాదించి పెద్దల విమర్శకు గురియయ్యెను. 1899 జూలై 24వ తేదీన ఆయన కన్నుమూసెను. గోదావరి ప్రజలు స్నానసంకల్పమున ఆయన పేరు తలచుట ఆచారమైనదని పెద్దలు చెప్పుదురు.

కాలము ఆ కట్టడములను మార్చినది. పాత ఆనకట్ట బలహీనపడగా, 1970లో ఆరంభమై 1982లో పూర్తియైన నూతన బ్యారేజికి కాటన్ పేరే పెట్టిరి. గన్నవరము కడ నూతన అక్విడక్టు వెలసి, అన్నదానమునకు పేరొందిన డొక్కా సీతమ్మ గారి పేర వర్ధిల్లుచున్నది. దాని ప్రక్కనే పాతది నిలిచియున్నది. ధవళేశ్వరములోని కాటన్ మ్యూజియమున ఆనకట్ట నమూనాలను, ఆనాటి పనిముట్లను యాత్రికులు చూడవచ్చును. కాటన్ మరణించిన మరుసటి యేట, అనగా 1900లో, రాజమహేంద్రవరము కడ ప్రారంభమైన హేవలాక్ వంతెనపై 1997లో రైళ్లు ఆగిపోయెను. ఆ వంతెనను పాడుపడనీయక యాత్రికుల దర్శనస్థలముగా తీర్చుటకు అఖండ గోదావరి అను పథకమునకు 2025లో శంకుస్థాపన జరిగెను.

వాడుక తప్పిన కట్టడము పనికిరానిదని కొందరు తలచుట కలదు. తప్పిన వాడుకతో దాని చరిత్ర తీరిపోదు. కావేరిమీది పాత ఆనకట్టను జనులు కాపాడియుండనిచో కాటన్ పాఠము నేర్చియుండెడివాడే కాడు. గోదావరికి ఆనకట్టయు నాడు వచ్చియుండెడిది కాదేమో. నేడు మనము కాపాడు రాతికట్టడము రేపు ఏ బాలునికి గురువు కానున్నదో ఎవ్వరెరుగుదురు? కనుక పూర్వుల శ్రమఫలములను పదిలపరచి, చూడవచ్చువారికి వాని కథ నెఱుకపరచుట డెల్టా అన్నము తినువారందరి ధర్మము.