ఆకులోని మందు - డాక్టరు ఎల్లాప్రగడ సుబ్బారావు

పాఠశాలలలో వారమునకొకటి చొప్పున విద్యార్థులకిచ్చు నీలిరంగు మాత్రను మీరందఱు ఎఱుగుదురు. అందు ఇనుముతోపాటు ఫోలిక్ ఆమ్లమను పదార్థము కలదు. లాటిను భాషలో ఫోలియమనగా ఆకు. 1941లో అమెరికాయందలి టెక్సాస్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు నాలుగు టన్నుల పాలకూరనుండి అత్యల్పమైన సారమును వేఱుచేసి దానికా పేరు పెట్టిరి. అంత ఆకునకు అంత కొంచెము మందు వచ్చినచో అది ఎందఱు రోగులకు చాలును? ఆకుతో పనిలేకుండ ఆ పదార్థమును ప్రయోగశాలలోనే నిర్మించు మార్గమును 1945లో లోకమునకు తెలిపిన బృందమునకు నాయకుడు తెలుగువాడు. ఆయనయే డాక్టరు ఎల్లాప్రగడ సుబ్బారావు.

సుబ్బారావు 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన పశ్చిమగోదావరి ప్రాంతములోని భీమవరమున జన్మించెను. తండ్రి జగన్నాథము, తల్లి వేంకమ్మ. ఇంట కలిమి లేదు. పదమూడేండ్ల ప్రాయమున కాశికిపోయి యాత్రికులకు అరటిపండ్లమ్మి ధనము గడింపవలెనని ఇల్లు విడువగా, దారిలోనే పట్టి వెనుకకు తెచ్చిరి. మెట్రిక్యులేషను పరీక్షలో రెండుసారులు తప్పెను. మూడవసారి మదరాసు హిందూ హైస్కూలునుండి పరీక్షకు కూర్చుండి కృతార్థుడయ్యెను. ఈ సంగతిని తలిదండ్రులు ప్రత్యేకముగ గమనింతురు గాక.

మదరాసు వైద్యకళాశాలలో చదువునపుడు గాంధీజీ పిలుపును అనుసరించి ఖద్దరు దుస్తులతోనే శస్త్రచికిత్సాశాలకు పోవుచుండెను. ఇది ఆంగ్లేయుడైన ఆచార్యునకు రుచింపలేదు. తుదకు ఎం.బి.బి.ఎస్. పట్టము లభింపక, దానికంటె తక్కువదగు ఎల్.ఎం.ఎస్. మాత్రమే దక్కెను. ప్రభుత్వ వైద్యశాఖలో ఉద్యోగము దొరకలేదు. అప్పుడు డాక్టరు ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో శరీరనిర్మాణశాస్త్రమును బోధించు పనిలో చేరెను.

అంతకు పూర్వమే ఆ ఇంట ఘోరము జరిగియుండెను. ఆయన సోదరులిద్దఱు స్ప్రూ అను వ్యాధితో కొద్ది దినముల వ్యవధిలో మరణించిరి. మనవారు గ్రహణి యను రోగమువంటిది అది. తిన్న అన్నము ఒంటబట్టదు, రక్తము క్షీణించును, మనుష్యుడు ఎముకలగూడగును. నాటి వైద్యులయొద్ద దానికి తగిన మందు లేదు.

ఇట్టి దుఃఖమును మోయుచున్నవాడు ఆయుర్వేద కళాశాలలో మూలికల గుణమును చూచి ఆశ్చర్యపడెను. కషాయముతో రోగము కుదురుట కన్నులయెదుట కనబడుచున్నది. కాని ఆ మూలికలో పనిచేయు పదార్థమేది? అది దేహమున ఏమి చేయుచున్నది? వానకాలపు ఆకును, ఎండకాలపు ఆకును సారమున ఒక్కటి కావు గదా, మోతాదు నిర్ణయించుటెట్లు? ఈ ప్రశ్నలకు నవీన రసాయనశాస్త్రము నేర్చినగాని సమాధానము దొరకదు. ఆయన ఆయుర్వేదమును విడిచి విదేశమునకు పోయెననుటకంటె, ఆయుర్వేదము లేవనెత్తిన ప్రశ్నలను మూటగట్టుకొని పోయెననుట సమంజసమని నా తలంపు.

మామగారును, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకరు ధర్మసంస్థవారును ధనసహాయము చేయగా, 1923 అక్టోబరు 26న ఆయన అమెరికాలోని బోస్టను నగరము చేరెను. భార్య శేషగిరి స్వదేశముననే నిలిచెను. ఆయన వెడలిన పిమ్మట పుట్టిన కుమారుడు శైశవముననే గతించెను. తండ్రి వానిని చూడలేదు. ఆ ఇల్లాలు భర్తను మఱల చూడనేలేదు.

హార్వర్డులో చదువుచు, పొట్టకూటికై ఆస్పత్రిలో రాత్రిపూట కూలిపని చేసెను. సైరస్ ఫిస్క్ అను ఆచార్యునితో కలిసి రక్తములోని భాస్వరమును కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించెను. అటుపిమ్మట కండరములకు శక్తినిచ్చు ఫాస్ఫోక్రియాటిను, ఏ.టి.పి. యను పదార్థములను వారు కనుగొనిరి. ఐనను అచ్చట స్థిరమైన ఆచార్యపదవి దొరకలేదు. 1940లో న్యూయార్కు రాష్ట్రములోని లెడర్లీ ఔషధసంస్థలో చేరి, త్వరలోనే పరిశోధనలకు అధిపతి యయ్యెను.

ఫోలిక్ ఆమ్లపు కథకు మొదలు మన దేశముననే కలదు. బొంబాయిలోని గర్భిణీస్త్రీల రక్తహీనత ఈస్టు సారముతో కుదురునని లూసీ విల్స్ అను ఆంగ్లవైద్యురాలు 1931లో ప్రకటించెను. ఆ సారములోని గుణము ఏ పదార్థమువలన వచ్చినదో నాడు తెలియలేదు. అదియే పాలకూరలోను, కాలేయములోను ఉన్నదని క్రమముగా తేలెను. సుబ్బారావు బృందము దానిని కృత్రిమముగా నిర్మించిన వెంటనే అమెరికా వైద్యుడు టామ్ స్పీస్ క్యూబా దేశపు స్ప్రూరోగులకు దానిని ఇచ్చి చూచెను. మంచమంటిన రోగులు కోలుకొనిరి. సోదరులను బలిగొన్న వ్యాధికి మందు దొరకెను. కాని వారు పోయి అప్పటికి రెండు దశాబ్దములు దాటెను.

ఆయన అక్కడ ఆగలేదు. ల్యుకేమియా అను రక్తపు క్యాన్సరుకణములు పెరుగుటకును ఈ ఆమ్లమే కావలెను. దానిని బోలి, కొంచెము మాత్రమే భేదించు పదార్థమును ఇచ్చినచో కణము మోసపోయి దానిని గ్రహించును, పెరుగుదల నిలిచిపోవును. తాళములో దూరి, తిరుగక ఇరుకుకొన్న మారుతాళపుచెవి వంటిదది. లెడర్లీలో నిర్మించిన అట్టి పదార్థము అమినోప్టెరిను. బోస్టను బాలల ఆస్పత్రిలో సిడ్నీ ఫార్బరు దానిని పదునాఱుగురు పిల్లలకు ఇవ్వగా పదిమందికి గుణము కనబడెనని 1948లో ప్రకటించెను. ఆ గుణము కొన్ని మాసములే నిలిచెను. ఐనను అంతకుముందు ఆ రోగమునకు మందే లేదు. దాని సోదరమైన మెథోట్రెక్సేటు నేటికిని వాడుకలో నున్నది. బోదకాలునకు ప్రభుత్వమువారు పంచు డి.ఇ.సి. మాత్రయు ఆయన విభాగమున పుట్టినదే. మట్టిలోని బూజునుండి బెంజమిన్ డగ్గరు తీసిన ఆరియోమైసినునకును ఆ విభాగమే పుట్టినిల్లు.

1948 ఆగస్టులో, ఏబదిమూడేండ్ల ప్రాయమున, సుబ్బారావు న్యూయార్కులో నిద్రలోనే కన్నుమూసెను.

మన పావగడ పల్లెల పెరళ్ళలో పూజకు కోయు బిళ్ళగన్నేరు కలదు గదా. కన్నడమున నిత్యపుష్ప యందురు. దాని ఆకును మధుమేహమునకు పరీక్షింపబోయిన కెనడా శాస్త్రజ్ఞులకు, అది తెల్ల రక్తకణములను తగ్గించునని 1950వ దశకమున తెలియవచ్చెను. దానినుండి వచ్చిన విన్‌క్రిస్టీను 1963నుండి వాడుకలో నున్నది. కొంచెము మందునకే వందల కిలోల ఎండుటాకు కావలెను. ఆకు విషతుల్యము గనుక ఇంట నూఱి త్రాగరాదు. ల్యుకేమియా సోకిన పిల్లలకు నేడు చేయు చికిత్సలో ఈ విన్‌క్రిస్టీనును, సుబ్బారావు మార్గమున వచ్చిన మెథోట్రెక్సేటును రెండును ఇచ్చుచున్నారు.