దోర్నకల్ విడిచి ఎడిన్‌బరో వెళ్ళిన సేవకుడు

గోదావరిఖని, రామగుండం చుట్టూ ఐక్య కూటాలు, పాస్టర్ల సహవాస సభలు జరిగినప్పుడు కొందరు కాపరులు కనబడరు. సంఘం చిన్నది, విడిచి రాలేమంటారు. మన విశ్వాసులు వేరే సంఘానికి వెళ్ళిపోతారేమోనన్న భయం కూడా ఉంటుంది, దాన్ని మాత్రం పైకి చెప్పరు. ప్రియులారా, అందుకే ఈ వారం బిషప్ వేదనాయకం శామ్యూల్ అజరయ్య గారిని గుర్తు చేసుకుంటున్నాము.

ఆయన 1874 ఆగస్టు 17న తిరునెల్వేలి ప్రాంతంలో ఒక గ్రామ పాస్టరు ఇంట పుట్టారు. వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా తిరుగుతూ, భారతీయులే భారతీయులకు సువార్త చెప్పాలన్న భారంతో 1903లో తిరునెల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ స్థాపనలో, 1905లో నేషనల్ మిషనరీ సొసైటీ స్థాపనలో ముందున్నారు. 1909లో తానే మిషనరీగా దోర్నకల్ వచ్చారు. అప్పటికది నిజాం రాజ్యంలో చిన్న ఊరు, ఇల్లందు గనుల నుండి సింగరేణి బొగ్గు దిగివచ్చే రైల్వే జంక్షన్. తెలుగు ఆయన మాతృభాష కాదు. పని అప్పుడే మొదలైంది. మన లెక్క ప్రకారం కదలడానికి వీలులేని కాలమది.

అయినా మరుసటి ఏడాదే ఎడిన్‌బరో ప్రపంచ మిషనరీ సభకు వెళ్ళారు. దాదాపు 1,200 మంది ప్రతినిధుల్లో ఆసియావారు బహు కొద్దిమంది. అక్కడ నిలబడి, మిషనరీలు మాకు ధనమిచ్చారు, ప్రాణాలు కూడా ఇచ్చారు, కానీ స్నేహితులుగా దగ్గరకు రాలేదన్న భావం వచ్చేలా మాట్లాడారు. సభలో చాలామందికి అది రుచించలేదు. ఇంట్లో కూర్చుంటే ఆ మాట ఎవరికి వినబడేది?

1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయన బిషప్‌గా అభిషేకం పొందారు. ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ ఆయనే. పదవి వచ్చాక కూటాలు తగ్గలేదు. 1919 మేలో తరంగంబాడిలో 33 మంది సేవకులు కూడుకున్నారు, ఇద్దరు తప్ప అందరూ భారతీయులే. విదేశాల్లో పుట్టిన విభేదాలు మన పల్లె సంఘాలను ఎందుకు చీల్చాలన్నదే వారి ప్రశ్న. అక్కడి నుండి సంఘాల ఐక్యత చర్చలు మొదలయ్యాయి.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. కూటానికి వెళ్తే మన సిద్ధాంతం వదులుకోవలసి వస్తుందని కొందరి అనుమానం. అజరయ్య గారు బిషప్ పరిచర్య ఉండాల్సిందేనని చివరివరకు పట్టుబట్టారు. అలా పట్టుబడుతూనే, దాన్ని ఒప్పుకోని వారితో ఏళ్ళ తరబడి ఒకే బల్ల దగ్గర కూర్చున్నారు. 1927లో లోజాన్ సభకు, 1938లో తాంబరం సభకు వెళ్ళారు. ఇన్ని ప్రయాణాల మధ్య దోర్నకల్ డయాసిస్ ఎండిపోలేదు సరికదా, ఆయన కాలంలోనే విశ్వాసుల సంఖ్య 2 లక్షలు దాటింది.

1945 జనవరి 1న ఆయన దోర్నకల్‌లో ప్రభువు సన్నిధికి చేరారు. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. కరీంనగర్ వైపు వెస్లియన్ మిషన్ నాటిన సంఘాలు, దోర్నకల్ ఆంగ్లికన్ సంఘాలు ఆ రోజు నుండి ఒకే సంఘం.