కమ్మరి కొడుకు చేసిన ఇంజిన్లు

కె.ఆర్.పురం నుంచి పాత మద్రాసు రోడ్డు మీద కోలారు వైపు వెళ్తే నరసాపుర వస్తుంది. అక్కడి ఫ్యాక్టరీలో తయారైన స్కూటర్లు, బైకులు మన వీధుల్లో రోజూ కనిపిస్తాయి. వాటి మీదుండే హోండా అన్న పేరు ఒక మనిషి ఇంటిపేరు.

సోయిచిరో హోండా 1906 నవంబరు 17న జపాన్‌లోని హమమాత్సు దగ్గర ఒక పల్లెలో పుట్టారు. తండ్రి కమ్మరి. సైకిళ్లు కూడా బాగుచేసేవారు. సోయిచిరో 1922లో టోక్యో వెళ్లి కార్ల మరమ్మతు షెడ్డులో పనికి చేరారు. 1928లో హమమాత్సులో ఆ షెడ్డుకు శాఖ తెరిచారు.

తర్వాత పిస్టన్ రింగులు చేయబోతే కుదరలేదు. తనకు లోహాల గురించి తెలియకపోవడమే కారణమని గ్రహించి, ముప్పై ఏళ్ల వయసులో సాంకేతిక పాఠశాలలో కుర్రాళ్ల పక్కన కూర్చున్నారు. పరీక్షలు రాయలేదు, పట్టా రాలేదు. రింగులు మాత్రం కుదిరాయి. యుద్ధం, 1945 భూకంపం ఆ ఫ్యాక్టరీని దెబ్బతీశాయి. దాన్ని అమ్మేసి, 1948లో హోండా మోటార్ కంపెనీ పెట్టారు.

ఇక్కడ ఇంజిన్ సంగతి కాస్త తెలుసుకోవాలి. గాలి, పెట్రోలు లోపలికి రావడానికి, కాలిన పొగ బయటికి పోవడానికి ఉన్న తలుపులే వాల్వులు. వాటిని సమయానికి తెరిపించేది క్యామ్‌షాఫ్ట్. అది కింద ఉంటే పుష్‌రాడ్లు అనే పొడవాటి కడ్డీలు పైనున్న వాల్వులను కదిలిస్తాయి. ఇంజిన్ ఎత్తు తగ్గుతుంది, అమరిక సులువు. నెమ్మదిగా తిరిగే లారీ ఇంజిన్‌కు అది చాలు. వేగం బాగా పెరిగితే మాత్రం కడ్డీల బరువు వల్ల వాల్వులు సమయానికి మూసుకోవు. క్యామ్‌షాఫ్ట్‌ను వాల్వుల నెత్తినే పెడితే కడ్డీలతో పని లేదు, ఇంజిన్ ఇంకా జోరుగా తిరుగుతుంది. కానీ దాన్ని తిప్పడానికి పొడవాటి చైనో, గేర్లో కావాలి. ఖర్చూ పెరుగుతుంది.

హోండా రెండూ చేశారు. 1951 నాటి డ్రీమ్-ఇ బైకు, 1958 నాటి సూపర్ కబ్ పుష్‌రాడ్లతోనే వచ్చాయి. అంగళ్ల సరుకు మోసే బండికి అది సరిపోయింది. పందెం సంగతి వేరు. 1954లో కంపెనీ అప్పుల్లో ఉండగానే, బ్రిటన్ పక్కనున్న మ్యాన్ దీవి పందెంలో దిగుతామని ఆయన ప్రకటించారు. 1959లో పైన రెండు క్యామ్‌షాఫ్టులున్న 125 సీసీ బళ్లతో వెళ్తే ఆరో స్థానం దక్కింది. 1961లో 125, 250 సీసీ పందేలు రెండింటిలోనూ మొదటి 5 స్థానాలు హోండావే.

ఆ ఉత్సాహంతో 1963లో టి360 అనే చిన్న ట్రక్కుకూ పందెం బళ్ల తరహా ఇంజిన్ పెట్టారు. 30 హార్స్‌పవర్ రావాలంటే అది నిమిషానికి 8,500 చుట్లు తిరగాలి. బరువు మోసే బండికి తక్కువ వేగంలోనే లాగే బలం కావాలి. 1967లో దాని స్థానంలో వచ్చిన ట్రక్కుకు ఒకే క్యామ్‌షాఫ్ట్ ఉన్న రెండు సిలిండర్ల ఇంజిన్ అమర్చారు.

1973లో ఆయన పదవి వదిలారు. 1991 ఆగస్టు 5న కన్నుమూశారు. ఏ అమరిక గొప్పదని అడిగేముందు, బండి చేయాల్సిన పనేమిటో అడగాలని ఆయన ఇంజిన్లు చెబుతాయి.