తొలి మహిళా ఆడిటర్ శివభోగం

వర్తకుడు లెక్క వ్రాస్తాడు. ఆ లెక్క నిజమో కాదో పరిశీలించి ధ్రువీకరించేవాడు ఆడిటర్. తాను నెలకొల్పని సంస్థలో, తాను చూడని కొనుగోళ్ళకు, తాను చేయని ఖర్చులకు సాక్షిగా నిలిచి సంతకం చేయవలసిన వృత్తి అది. ఆ సంతకాన్ని నమ్మి వాటాదారులు తమ ధనాన్ని అప్పగిస్తారు. కనుక ఈ వృత్తికి గణితజ్ఞానం ఎంత అవసరమో, లోకంలో మచ్చలేని పేరు అంతకన్న ఎక్కువ అవసరం. అటువంటి వృత్తిలో కారాగారవాసం అనుభవించి వచ్చిన ఒక యువతి ప్రవేశించి, అగ్రస్థానం అందుకోవడం విశేషమే. ఆమె ఆర్. శివభోగం.

శివభోగం 1907వ సంవత్సరం జూలై 23వ తేదీన జన్మించారు. ఆమె విద్యాభ్యాసం మద్రాసు నగరంలో సాగింది. తిరువళ్ళిక్కేణిలో పాఠశాల చదువు ముగించుకొని, సముద్రతీరాన ఉన్న క్వీన్ మేరీ కళాశాలలో చేరారు. 1914లో స్థాపితమైన ఆ కళాశాల నాటి దక్షిణదేశపు బాలికలకు ఉన్నత విద్యాద్వారం. ఆ రోజుల్లో మద్రాసులో చదువుకొనే ఆడపిల్లలందరికీ ఆదర్శమూర్తి సోదరి సుబ్బలక్ష్మి. బాల్యంలోనే వైధవ్యం పొంది, 1911లో పట్టభద్రురాలై, తనవంటి బాలవితంతువుల చదువుకై జీవితాన్ని ధారపోసిన మహనీయురాలామె. శివభోగం మనస్సుపై ఆ సాధ్వి ప్రభావం గాఢంగా పడింది. స్త్రీ తన కాళ్ళపై తాను నిలబడడం అసాధ్యం కాదని చెప్పడానికి వేరే ఉపన్యాసాలు అక్కరలేదు, సుబ్బలక్ష్మి జీవితమే చాలు.

దేశమంతటా గాంధీజీ పిలుపు మారుమ్రోగుతున్న కాలమది. శివభోగం ఖద్దరు ధరించి, యువజనోద్యమంలో చేరి, విదేశీ వస్తు బహిష్కరణలో పాల్గొన్నారు. ఫలితంగా ఏడాది కారాగారశిక్ష పడింది. ఆమెను ఉంచినది రాయవేలూరు కారాగారంలో. ఆంధ్రులకు ఆ పేరు కొత్తది కాదు. ఉప్పు సత్యాగ్రహంలో పాల్గొన్న దుర్గాబాయమ్మ వంటి తెలుగు వీరవనితలు కూడా ఆ గోడల నడుమ రోజులు గడిపినవారే.

జైలు గదిలో ఉన్నప్పుడే ఆమె తన భవిష్యత్తును నిర్ణయించుకొన్నారు. చదువుకొన్న స్త్రీకి నాటి సమాజం చూపిన దారులు రెండు మూడే. ఉపాధ్యాయిని కావచ్చు, వైద్యురాలు కావచ్చు. 1923 నాటి చట్టం తర్వాత న్యాయవాది కూడా కావచ్చు. లెక్కల తనిఖీ వైపు చూసిన స్త్రీ మాత్రం అంతవరకు లేదు. శివభోగం ఆ దారినే ఎన్నుకొన్నారు. 1913 నాటి కంపెనీల చట్టం సంస్థల ఖాతాలను అర్హతగల ఆడిటర్లు తనిఖీ చేయాలని విధించిన పిమ్మట, 1918లో బొంబాయి ప్రభుత్వం అకౌంటెన్సీలో డిప్లొమా నెలకొల్పింది. దానినే జి.డి.ఏ. అనేవారు. అనుభవజ్ఞుడైన ఆడిటర్ వద్ద శిష్యరికం చేసి, చిట్టాలు, ఆవర్జాలు, రసీదులు తిరగవేస్తూ పని నేర్చుకోవలసి ఉండేది. మద్రాసులో ప్రసిద్ధుడైన సి.ఎస్. శాస్త్రి ఆమెను శిష్యురాలిగా స్వీకరించారు. జైలునుండి వచ్చిన యువతిని తన కార్యాలయంలో చేర్చుకోవడానికి ఆనాడు కొంత ధైర్యమే కావాలి. 1933లో శివభోగం జి.డి.ఏ. పరీక్షలో ఉత్తీర్ణులై, భారతదేశంలో ఆ అర్హత పొందిన ప్రథమ మహిళగా చరిత్రకెక్కారు.

అయితే అసలు పరీక్ష అప్పుడే మొదలైంది. 1932 నాటి నియమాల ప్రకారం ఆడిట్ వృత్తి చేయదలచినవారి పేరు ప్రభుత్వ పట్టికలో నమోదు కావాలి. అలా నమోదైనవారే రిజిస్టర్డ్ అకౌంటెంట్లు. జైలుశిక్ష అనుభవించినవారికి ఆ పట్టికలో చోటు లేదన్న నిబంధన ఆమెకు అడ్డు వచ్చింది. దొంగలెక్కలు వ్రాసి శిక్షపడిన మోసగాడిని దూరంగా ఉంచడం న్యాయమే. కాని దేశంకోసం జైలుకు వెళ్ళినవారినీ అదే త్రాసులో తూచడం ఏమి న్యాయం? సత్యాగ్రహి తాను చేసిన పనిని దాచడు, అడిగినవారికి ఒప్పుకొని శిక్ష అనుభవిస్తాడు. ఆడిటర్‌కు కావలసిన గుణం అంతకన్న వేరే ఏముంది? శివభోగం ఈ అన్యాయానికి తలవంచలేదు. న్యాయపోరాటం సాగించి, తన హక్కును సాధించుకొన్నారు. 1937లో స్వతంత్రంగా వృత్తి ప్రారంభించారు. పరీక్ష నెగ్గిన నాటికీ, సొంత కార్యాలయం తెరచిన నాటికీ నడుమ నాలుగేండ్లు గడిచిపోయాయి.

ఆ తరువాత ఆమె జీవితం ఆడంబరం లేని నిరంతర శ్రమ. ఖద్దరు వీడలేదు, నిరాడంబరత్వం వీడలేదు. స్వాతంత్ర్యం వచ్చాక, 1949 జూలై 1న భారత చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ ఏర్పడింది. దాని దక్షిణ ప్రాంతీయ మండలికి మద్రాసు కేంద్రం. తమిళ, కన్నడ, కేరళ ప్రాంతాల ఆడిటర్లతోపాటు ఆంధ్రదేశపు ఆడిటర్లూ ఆ మండలి పరిధిలోనివారే. 1955 మొదలు 1958 వరకు మూడేండ్లు వరుసగా శివభోగం ఆ మండలికి అధ్యక్షురాలుగా వ్యవహరించారు. ఇంచుమించు పురుషులే నిండిన సభలో వారంతా ఓ స్త్రీని అధ్యక్షపీఠంపై కూర్చుండబెట్టారంటే, అది ఆమె సంతకానికి దక్కిన గౌరవమని గ్రహించాలి. ఒకనాడు పట్టికలో పేరు వ్రాయడానికే సందేహించిన వృత్తి, రెండు దశాబ్దాలు తిరగకముందే ఆమె చేతికి పగ్గాలు అందించింది.

1966 జూన్ 14న శివభోగం పరమపదించారు. చార్టర్డ్ అకౌంటెన్సీ తుది పరీక్షలో ఉత్తమ ప్రతిభ కనబరచిన విద్యార్థినికి బహూకరించడానికై ఆమె పేరిట ఒక బహుమతి ఏర్పడింది. ఆమె పరీక్షకు కూర్చున్న 1933లో అటువంటి బహుమతి ఉండి ఉంటే, పోటీపడడానికి మరొక స్త్రీ ఉండేది కాదు.