వెలివేసినా వీడని విశ్వాసం

మా కల్హేర్ వైపు చర్చి అంటే అందరికీ గుర్తొచ్చేది మెదక్ చర్చే. అది సి.ఎస్.ఐ. వారిదనీ, మా కతోలికుల పద్ధతి వేరనీ చెబితే ఇరుగుపొరుగు ఆశ్చర్యపోతారు. అయితే పేపర్లో ఏ ఫాదర్ గురించైనా చెడ్డ వార్త పడిందా, అందరి చూపూ నావైపే తిరుగుతుంది. 2018లో హైదరాబాద్ నుంచి అమెరికా వెళ్లిన ఒక ఫాదర్, సౌత్ డకోటాలో పదమూడేళ్ల అమ్మాయి విషయంలో అరెస్టయ్యాడు. మరుసటి ఏడాది నేరం ఒప్పుకున్నాడు. ఆరేళ్ల జైలుశిక్ష పడింది. ఇంకా ఆ గుడికే పోతావా అని నన్ను అడిగినవాళ్లున్నారు. వాళ్లు అడగకముందే ఆ ప్రశ్న నన్ను నేను వేసుకున్నాను. ఆడపిల్ల తల్లిని కదా! కంచే చేను మేస్తుంటే ఇంకెవరిని నమ్మాలి? జపమాల చేతిలోకి తీసుకున్నా మనసు నిలిచేది కాదు.

అలాంటి రోజుల్లో నాకు ఆసరా అయింది ఒక ఆస్ట్రేలియా సిస్టరు జీవితం. ఆవిడ పేరు మేరీ మెకిలప్. ఆస్ట్రేలియాకు తొలి పునీతురాలు. ఆవిణ్ణి పునీతురాలిగా ప్రకటించిన శ్రీసభే ఒకప్పుడు ఆవిణ్ణి వెలివేసిందంటే నమ్మగలరా?

మేరీ 1842 జనవరి 15న మెల్‌బోర్న్‌లో పుట్టింది. తల్లిదండ్రులు స్కాట్లాండ్ నుంచి వలస వచ్చినవాళ్లు. తండ్రి చదువుకున్నవాడే కానీ డబ్బు విషయంలో కలిసిరాలేదు. ఇంటికి పెద్దపిల్ల కావడంతో భారం మేరీ మీద పడింది. పద్నాలుగేళ్లకే ఒక స్టేషనరీ షాపులో గుమాస్తాగా చేరింది. 1860లో పెనోలా అనే పల్లెలో మేనత్త పిల్లలకు చదువు చెప్పడానికి వెళ్లింది. ఫాదర్ జూలియన్ టెనిసన్ వుడ్స్ పరిచయమైంది అక్కడే. పేదల పిల్లలకు బడి లేదే అన్న దిగులు ఇద్దరిదీ. 1866లో ఒక పాత గుర్రాల కొట్టాన్ని మేరీ తమ్ముడు బాగుచేసి పెడితే, అందులో బడి మొదలైంది. అప్పుడు ఆమెకు ఇరవై నాలుగేళ్లు.

అలా పుట్టిందే పునీత జోజప్పగారి పేరుమీద వెలసిన సిస్టర్ల సభ. గోధుమరంగు అంగీలు వేసుకునేవాళ్లు. ఇద్దరు ముగ్గురు చొప్పున మారుమూల పల్లెలకూ, గనుల దగ్గరకూ, రైలు పట్టాలు వేసే కూలీల దగ్గరకూ వెళ్లి, వాళ్లలాగే బీదగా బతుకుతూ పిల్లలకు చదువు చెప్పేవాళ్లు. ఫీజు ఇవ్వలేనివాళ్లను వెనక్కి పంపేవాళ్లు కాదు. అయిదేళ్లు తిరిగేసరికి సిస్టర్లు నూటముప్ఫై మంది అయ్యారు. బడులు, అనాథలకు ఆశ్రయాలు కలిపి నలభైకి పైనే!

అసలు కథ ఇక్కడ మొదలవుతుంది. అడిలైడ్‌కు ఉత్తరాన కపుండా అనే ఊరుంది. అక్కడి ఫాదర్ కీటింగ్ పిల్లల మీద అఘాయిత్యం చేస్తున్నాడని 1870లో సిస్టర్ల చెవిన పడింది. ఆ కాలంలో ఫాదర్ మీద నోరెత్తడమంటే మాటలా? ఆ సిస్టర్లు నోరెత్తారు. ఫాదర్ వుడ్స్‌కు చెప్పారు. ఆయన పైవాళ్లకు చెప్పారు. మేరీ అప్పుడు క్వీన్స్‌లాండ్‌లో బడులు పెట్టే పనిలో ఉంది కాబట్టి, ఫిర్యాదు ఆవిడే స్వయంగా చేసిందని అనలేం. చేసింది ఆవిడ తయారుచేసిన సిస్టర్లు. కీటింగ్‌ను ఐర్లాండ్ పంపేశారు. కారణం మాత్రం తాగుడు అని బయటికి చెప్పారు. పిల్లల గోడు గుట్టుగా మూటకట్టేశారన్నమాట!

కపుండాలో కీటింగ్‌తో కలిసి పనిచేసిన ఫాదర్ హోరన్‌కు సిస్టర్ల మీద కోపం వచ్చింది. కొద్దికాలానికే ఆయన బిషప్ షీల్‌కు దగ్గరై పెత్తనం చేసే స్థానంలోకి వచ్చాడు. సిస్టర్ల సభ నియమాలు మార్చాలనీ, వాళ్లంతా స్థానిక ఫాదర్ల చెప్పుచేతల్లో ఉండాలనీ పట్టుబట్టారు. మేరీ ఒప్పుకోలేదు. అలాగైతే మేము మొదలుపెట్టిన పని మిగలదని వినయంగానే చెప్పింది. అవిధేయత అన్న నేరం మోపి, 1871 సెప్టెంబరు 22న బిషప్ ఆవిణ్ణి శ్రీసభ నుంచి వెలివేశాడు. అప్పటికి ఆవిడ వయసు ఇరవై తొమ్మిదేళ్లు. కపుండా పగ ఇందులో ఎంత పనిచేసిందన్న దానిమీద చరిత్రకారుల్లో ఏకాభిప్రాయం లేదు. హోరన్ కోపం కూడా ఒక కారణమని చాలామంది నమ్ముతారు.

వెలి అంటే ఏమిటో కతోలికులకు తెలుసు. సత్ప్రసాదం లేదు, సిస్టర్ల తోడు లేదు. చాలా బడులు మూతపడ్డాయి. ఎందరో సిస్టర్లు వీధిన పడ్డారు. వాళ్లకు అద్దె లేకుండా ఇల్లిచ్చింది ఎవరనుకున్నారు? ఇమాన్యుయేల్ సాలమన్ అనే యూదు వ్యాపారి! సొంతవాళ్లు తలుపు మూస్తే పరాయి మతస్థుడు తలుపు తీశాడు. ఆ అయిదు నెలలూ మేరీ బిషప్‌ను దూషించలేదు, ఇతరులనూ దూషించనివ్వలేదు. ప్రార్థన మానలేదు. 1872 ఫిబ్రవరిలో మరణశయ్య మీద ఉన్న బిషప్ షీల్ వెలిని ఎత్తివేయించాడు.

ఇంతవరకు చదివి, భరించడమే ఆడదాని గొప్పతనమా అని మీరడగవచ్చు. నాకూ ఆ అనుమానం వచ్చింది. ఓర్చుకో తల్లీ అని మనకు చెప్పేవాళ్లకు కొదవా? కానీ మేరీ ఓర్చుకుని ఊరుకోలేదు. 1873లో ఒంటరిగా ఓడెక్కి రోమ్ వెళ్లింది. పోప్ తొమ్మిదవ పయస్‌ను కలిసి, సభను ఏ ఊరి బిషప్ ఇష్టానికో వదలకుండా సిస్టర్లే ఎన్నుకున్న పెద్ద నడిపించేలా నియమావళి సాధించే పనిలో పడింది. అడిగినవన్నీ దొరకలేదు. బీదరికం గురించిన నియమం రోమ్‌లో మారడంతో, గురువులాంటి ఫాదర్ వుడ్స్ దూరమయ్యాడు. అయినా అసలు సంగతిలో నెగ్గింది. 1875లో సిస్టర్లు ఆవిణ్ణే పెద్దగా ఎన్నుకున్నారు. 1888లో రోమ్ నుంచి పూర్తి ఆమోదం వచ్చింది.

కష్టాలు అంతటితో తీరాయా అంటే లేదు. 1883లో మరో బిషప్, అప్పులు చేసిందనీ, తాగుతుందనీ నిందలు విని ఆవిణ్ణి అడిలైడ్ విడిచి పొమ్మన్నాడు. డాక్టరు మందుగా రాసిచ్చిన బ్రాందీ తాగుడైపోయింది! సిడ్నీ చేరి అక్కణ్ణుంచే పనిచేసింది. 1886లో తల్లి ఓడ ప్రమాదంలో పోయింది. 1902లో పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోతే ఎడంచేత్తో రాయడం నేర్చుకుంది. 1909 ఆగస్టు 8న కన్నుమూసింది. 2009లో అడిలైడ్ ఆర్చిబిషప్ ఆనాటి అన్యాయానికి బహిరంగంగా క్షమాపణ చెప్పాడు. 2010 అక్టోబరు 17న రోమ్‌లో ఆవిడ పునీతురాలయింది.

అదే ఆస్ట్రేలియాలో 2013 నుంచి 2017 వరకు ప్రభుత్వ విచారణ సంఘం పనిచేసింది. 1950, 2010 మధ్య పనిచేసిన కతోలిక ఫాదర్లలో నూటికి ఏడుగురి మీద పిల్లల విషయంలో ఆరోపణలున్నాయని తేల్చింది. ఆ అంకె చదివినప్పుడు కడుపులో చెయ్యిపెట్టి దేవినట్టయింది. కపుండాలో సిస్టర్లు చెప్పింది అప్పుడే నిజాయితీగా విని ఉంటే ఎంతమంది పసివాళ్లు బతికిపోయేవారో అనిపించింది.

ఇంటిగుట్టు బయటపెడితే గుడి పరువు పోతుందంటారు. ఆ గుట్టే కదండీ ఇంతమంది పిల్లల్ని బలి తీసుకుంది! నాకు మేరీ జీవితం నేర్పింది ఇదే. నమ్మకం ఫాదర్ సొత్తు కాదు, ఆయన తప్పుచేస్తే ఆయనతోపాటు పోవడానికి. అది నాది. ఆ గుడి కూడా నాదే. నా ఇల్లు కాబట్టే అందులో దొంగ దూరితే అరిచే బాధ్యతా నాదే. మౌనంగా ఉండటం భక్తి కాదు.

ఇప్పుడు మనకు అండ కూడా ఉంది. 2012లో వచ్చిన పోక్సో చట్టం ప్రకారం, పిల్లల మీద ఇలాంటి నేరం జరిగిందని తెలిసినవాళ్లెవరైనా పోలీసులకు చెప్పి తీరాలి. 1098కి ఫోన్ చేయొచ్చు. 2019లో పోప్ ఫ్రాన్సిస్ కూడా, సంగతి తెలిసిన ఫాదర్లు, సిస్టర్లు పై అధికారులకు తప్పక తెలపాలని నియమం పెట్టారు.

నేను పూజకు వెళ్తున్నాను. నా కూతుర్నీ తీసుకెళ్తున్నాను. ఎవరైనా సరే, ఫాదరైనా, సారైనా, చుట్టమైనా, నీకు నచ్చని విధంగా ముట్టుకుంటే వెంటనే వచ్చి నాకు చెప్పాలని దానికి ప్రార్థనలు నేర్పిన నోటితోనే నేర్పాను. అది చెబితే నేను వింటాను, నమ్ముతాను. మీది ఏ గుడైనా, ఏ బడైనా, ఆ ఒక్క మాట మీ పిల్లలకు ఈరోజే చెప్పండి.