క్యాన్సరు కణపు ఆకలిని గుర్తించిన వార్బుర్గ్

పెరుగు పులియుట మన యిండ్లలో నిత్యము చూచు విషయమే. ఆ పులుపునకు కారణము లాక్టికామ్లము. ఈ యామ్లమునకును క్యాన్సరు వ్యాధికిని గల సంబంధమును ప్రయోగములతో చూపిన మహాశాస్త్రజ్ఞుడు జర్మనీ దేశీయుడగు ఓటో వార్బుర్గ్.

ఆయన 1883 అక్టోబరు 8వ తేదీన ఫ్రైబుర్గ్ నగరమున జన్మించెను. తండ్రి ఎమిల్ వార్బుర్గ్ యూదు కుటుంబమున పుట్టిన ప్రసిద్ధ భౌతికశాస్త్రాచార్యుడు. ఓటో బెర్లినులో ఎమిల్ ఫిషర్ వద్ద రసాయనశాస్త్రము నభ్యసించి 1906లో డాక్టరు పట్టమును, హైడెల్‌బర్గులో చదివి 1911లో వైద్యపట్టమును పొందెను. వైద్యవిద్యార్థిగా నున్నప్పుడే, ముండ్లతో కూడిన యొక సముద్రజీవి యండములను పరీక్షించి, ఫలదీకరణము జరిగిన పిదప అవి పీల్చు ఆమ్లజని అనేక రెట్లు పెరుగునని కనుగొనెను. పెరుగు కణమునకే యింత శ్వాస కావలసియుండగా, అదుపు లేక పెరుగు క్యాన్సరు కణము మాటేమి? ఈ ప్రశ్నయే ఆయన జీవితమును నడిపించెను.

మొదటి ప్రపంచయుద్ధమున ఆయన ఆశ్వికదళమున చేరి గాయపడెను. 1918లో తండ్రికి మిత్రుడైన ఐన్‌స్టీను, యుద్ధరంగమును విడిచి ప్రయోగశాలకు మరలుమని ఆయనకు లేఖ వ్రాసెను.

యుద్ధానంతరము బెర్లినులోని డాలెమ్‌లో, కంతులనుండి మిక్కిలి పలుచని ముక్కలు కోసి, వాయుపీడనమును కొలుచు పరికరముతో పరీక్షింప మొదలిడెను. ఫలితము ఆశ్చర్యకరము. ఆమ్లజని సమృద్ధిగా నున్నను క్యాన్సరు కణము గ్లూకోజును పూర్తిగా దహింపక, చాలభాగమును లాక్టికామ్లముగా మార్చి వెలికి త్రోయుచుండెను. శ్వాసక్రియకు తోడ్పడు ఎంజైమును గూర్చిన పరిశోధనకు 1931లో ఆయనకు నోబెలు బహుమానము లభించెను.

హిట్లరు పాలనలో శిష్యుడైన హాన్స్ క్రెబ్స్ వంటివారు దేశము విడిచిపోయినను, వార్బుర్గ్ కదలలేదు. 1941లో పదవినుండి తొలగింపబడియు, క్యాన్సరు పరిశోధనకై త్వరలోనే తిరిగి నియమింపబడెను.

పట్టుదల ఆయనకు బలము. అదియే దోషమును అయ్యెను. శ్వాసక్రియ చెడుటయే క్యాన్సరుకు మూలమని 1956లోను గట్టిగా వాదించెను. కాని పెక్కు క్యాన్సరు కణములలో శ్వాసక్రియ చక్కగనే సాగుచుండుననియు, వ్యాధిమూలము జన్యువుల మార్పులలో నున్నదనియు పరిశోధనలు తేల్చినవి. 1970 ఆగస్టు 1వ తేదీన ఆయన బెర్లినులో మరణించెను. ఆయన సిద్ధాంతము కొంతకాలము మరుగున పడెను.

అయినను ఆయన కొలతలు చెడలేదు. కణగర్భమున డి.ఎన్.ఎ. దారము హిస్టోనులనెడి మాంసకృత్తులపై, కండెపై నూలువలె చుట్టుకొని యుండును. లాక్టికామ్లమునుండి వచ్చు భాగము ఆ మాంసకృత్తులకు అతుకుకొని కొన్ని జన్యువులను మేల్కొలుపునని 2019లో షికాగో విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులును వారి సహచరులును చూపిరి. కంటిలో పుట్టు మెలనోమా యను క్యాన్సరు పెరుగుటకు ఈ యతుకు తోడ్పడునని 2021లో వెల్లడియయ్యెను. వ్యర్థమని తలచిన పులుపే, కణము ఏ జన్యువును పనిచేయింపవలెనో నిర్ణయించుటలో పాలుగొనుచున్నది! కణము తిను తిండికిని దాని నడవడికిని గల బంధమిది.

వార్బుర్గ్ చూచినది సత్యము; దానికి చెప్పిన కారణము అసంపూర్ణము. కారణమును గూర్చి తొందరపడినను, కొలతలో పొరపడనివాని శ్రమ వృథా కాదని విద్యార్థులు ఆయన జీవితమునుండి గ్రహింపవచ్చును.